కూర్చుంటే తగ్గే నొప్పి



గోదావరిఖనిలో ఒక క్వార్టరు. తెల్లవారుజామున నాలుగైంది. మంచం మీద మనిషి పడుకొని లేడు, కూర్చుని ఉన్నాడు. ఒళ్లో రెండు మెత్తలు, వాటి మీద మోచేతులు, ముందుకు వంగిన వీపు. అలా ఉన్నంతసేపు ఛాతీలో నొప్పి కాస్త ఊరుకుంటుంది. నడుం వాల్చాడో, కత్తి దిగినట్టు పొడుస్తుంది. గట్టిగా ఊపిరి తీస్తే నొప్పి, దగ్గితే నొప్పి, ఒక్కోసారి గుటక వేసినా నొప్పే. మూడు రాత్రులుగా ఇదే వరస. ఆయన బొగ్గు బాయిలో, అంటే గనిలో, సపోర్ట్‌మన్. పైకప్పు కూలకుండా రాతికి బోల్టులు బిగించే పని. తల్లి గ్యాస్ అంటోంది. తోటి కార్మికులు బరువెత్తితే పట్టేసిందంటున్నారు. ఆయన మాత్రం పైకి చెప్పకుండా గుండెపోటేమోనని భయపడుతున్నాడు.

ఈయన ఫలానా వ్యక్తి కాదు. మాట్లాడుకోవడానికి వీలుగా నేను ఊహించుకున్న మనిషి. ఆయన నొప్పి మాత్రం ఊహ కాదు. వైద్యంలో దాని పేరు పెరికార్డైటిస్. మనం గుండె పొర వాపు అందాం. ఈ పూట దాని గురించే నాలుగు మాటలు.

మన గుండె ఛాతీలో వట్టిగా వేలాడుతూ ఉండదు. దాని చుట్టూ ఒక సంచి ఉంటుంది. ఆ సంచికి రెండు పొరలు. లోపలిది పలచగా గుండెకు అంటుకుని ఉంటుంది. బయటిది దళసరి, సులువుగా సాగదు. రెంటి మధ్య 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది, అంటే మూడు చెంచాల నుంచి పది చెంచాలు. బండి ఇరుసుకు కందెన ఎలాగో గుండెకు ఆ ద్రవం అలాగ. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. అన్నిసార్లూ పొర మీద పొర జారాలి, ఒరుసుకోకూడదు. ఆ పొరలకు వాపు వచ్చి, ఎర్రబడి, గరుకు తేలితే వచ్చేదే ఈ జబ్బు.

వెల్లకిలా పడుకుంటే వాచిన పొర సాగి లాగుతుంది. ముందుకు వంగి కూర్చుంటే ఆ లాగుడు తగ్గుతుంది. అందుకే రోగి ఎవరూ నేర్పకుండానే ఆ భంగిమ వెతుక్కుంటాడు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఈ నొప్పి ఒక్కోసారి మెడకూ భుజానికీ మధ్యనున్న కండలోకి పాకుతుంది. కావడి బద్ద ఆనే చోటు ఉంది చూడండి, సరిగ్గా అక్కడ. మెడ నుంచి దిగే ఒక నరం గుండె సంచిని ఆనుకుని పోతుంది. సంచికి మంట పుడితే నరం ఆ కబురు భుజానికి చేరవేస్తుంది. భుజం నొప్పి అని ఆయింటుమెంటు రుద్దుకునే మనిషికి అసలు బాధ ఛాతీలో ఉండవచ్చు.

గుండెపోటు నొప్పి వేరుగా ఉంటుంది. ఛాతీ మీద బండ పెట్టినట్టు, బిగించి పిండినట్టు ఉంటుంది. ఎడమచేతికో, దవడకో పాకవచ్చు. చెమటలు పడతాయి. కూర్చున్నా పడుకున్నా అది సాధారణంగా మారదు. ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నా మాట విని ఇంట్లో కూర్చుని “వంగితే తగ్గింది కాబట్టి ఇది గుండెపోటు కాదు” అని మీకు మీరే తేల్చుకోకండి. గుండెపోటు కూడా వేషాలు మారుస్తుంది. షుగరు ఉన్నవాళ్లలో అసలు నొప్పే లేకుండా రావచ్చు. ఛాతీలో కొత్తగా నొప్పి వస్తే మొదటి పని ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవడం. గ్యాస్ గోలీ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకున్న గంటల్లోనే కొందరి ప్రాణాలు పోయాయి.

ఆసుపత్రిలో డాక్టరు ఏం చేస్తాడు? ముందు వింటాడు. మిమ్మల్ని ముందుకు వంగి, ఊపిరి వదిలి బిగబట్టమని చెప్పి, రొమ్ము ఎముక ఎడమ అంచున స్టెతస్కోపు ఆనిస్తాడు. గరుకు తేలిన పొరలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటే ఒక చప్పుడు వస్తుంది. స్టెతస్కోపును కనిపెట్టిన లెనెక్ దగ్గర పనిచేసిన విక్టర్ కోలిన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1824లో ఆ చప్పుడును గుర్తించి, కొత్త తోలు కిర్రుమన్నట్టు ఉందన్నాడు. బాయికి కొత్త బూట్లు వేసుకుని పోయే మన కార్మికులకు ఆ చప్పుడు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. రెండు శతాబ్దాలైనా వైద్య విద్యార్థులకు ఇప్పటికీ ఆ పోలికే చెబుతున్నాం. చిక్కేమిటంటే ఆ చప్పుడు వస్తూ పోతూ ఉంటుంది. పొద్దున వినిపించింది సాయంత్రానికి ఉండకపోవచ్చు.

తరువాత ఈసీజీ. గుండెపోటులో సాధారణంగా రక్తం అందని భాగానికి సంబంధించిన తీగల్లోనే మార్పు కనిపిస్తుంది. పొర వాపులో దాదాపు అన్ని తీగల్లోనూ కనిపిస్తుంది, ఎందుకంటే సంచి గుండె చుట్టూ ఉంది. ఈ తేడా పట్టుకోవడం ఎందుకు ముఖ్యం? గుండెపోటుకు రక్తపు గడ్డను కరిగించే సూది ఇస్తారు. అది ప్రాణం పోసే మందు. అదే సూది పొర వాపు ఉన్నవాడికి పొరపాటున ఇస్తే సంచిలోకి రక్తం కారే ప్రమాదం ఉంది. ఆ తరువాత ఎకో పరీక్ష. గర్భిణులకు చేసే స్కానింగు లాంటిదే, గుండెకు చేస్తారు. సంచిలో నీరు చేరిందా, చేరితే ఎంత, గుండెను నొక్కుతోందా అన్నది తెరమీద కనిపిస్తుంది. దాంతో పాటు రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే. ఎక్స్‌రే ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. సంచిలో పావు లీటరు దాకా నీరు చేరితే గానీ ఎక్స్‌రేలో గుండె నీడ పెద్దదిగా కనిపించదు.

ఈ వాపు ఎందుకు వస్తుంది? సంపన్న దేశాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వస్తుందని భావిస్తారు. పది రోజుల కింద జలుబో, జ్వరమో, విరేచనాలో వచ్చి తగ్గుతాయి. ఆ వెనకే ఛాతీ నొప్పి మొదలవుతుంది. మనకూ అలాంటివి వస్తాయి, చాలావరకు మందులతో తగ్గిపోతాయి. కిడ్నీలు చెడి రక్తంలో మలినాలు పేరుకుంటే వస్తుంది. గుండెపోటు వచ్చిన కొన్ని వారాలకు, గుండె ఆపరేషన్ తరువాత కూడా రావచ్చు. కీళ్లవాతం, లూపస్, థైరాయిడ్ బాగా తగ్గిపోవడం, క్యాన్సరు సంచికి పాకడం, ఛాతీకి దెబ్బ తగలడం, ఇవీ కారణాలే. అయితే మన దేశంలో, అందునా గనుల ఊళ్లో, డాక్టరు మరిచిపోకూడని కారణం ఒకటుంది. అది క్షయ. మనం టీబీ అంటాం.

బాయి పని తెలిసినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. మన గోదావరి లోయలో బొగ్గు పొరల మధ్యనా, పైనా ఇసుకరాయి పొరలు ఉంటాయి. బోల్టు బిగించాలంటే పైకప్పు రాతిలో రంధ్రం వేయాలి. రాయిని తొలిచినప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టీ రాయీ తీసే చోట, డ్రిల్లు దగ్గర, డంపర్ల దారిలో లేచే దుమ్ములోనూ ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. కంటికి కనిపించనంత సన్నటి దుమ్మే ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుంది. అక్కడ మన ఒంటి కాపలా కణాలు ఉంటాయి. సూక్ష్మజీవి వస్తే మింగి చంపడం వాటి పని. అవి సిలికా రేణువును కూడా మింగుతాయి. దాన్ని అరిగించుకోలేక తామే చచ్చిపోతాయి. కాపలా పోయిన చోటికి టీబీ క్రిమి వస్తే అడ్డెవరు? అందుకే సిలికా పీల్చిన కార్మికులకు టీబీ వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. దక్షిణాఫ్రికా బంగారు గనులు ఈ పాఠాన్ని వేల ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నాయి. తెలుగు కుటుంబాలెన్నో బతికిన మన కోలారు బంగారు గనుల్లోనూ సిలికా దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ జబ్బు ఊపిరితిత్తులను తినేసింది.

ఊపిరితిత్తుల్లో, వాటి మధ్యనున్న గ్రంథుల్లో చేరిన టీబీ క్రిమి అక్కడినుంచి పక్కనే ఉన్న గుండె సంచికి పాకగలదు. ఇలా వచ్చే పొర వాపు వైరస్ వాపులా ఒక్కసారిగా విరుచుకుపడదు. నెమ్మదిగా వస్తుంది. సాయంత్రం పూట సన్నజ్వరం, రాత్రి చెమటలు, అన్నం సయించకపోవడం, బరువు తగ్గడం, కాస్త నడిస్తే ఆయాసం. నొప్పి కొద్దిగానే ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. దగ్గు లేనంతమాత్రాన టీబీ లేదనుకోకూడదు.

ఇప్పుడు నీటి సంగతి. వాచిన సంచిలో నీరు ఊరడం మామూలే. ఎంత నీరు ప్రమాదం అని అడుగుతారు. దాని జవాబు కొలతలో లేదు, వేగంలో ఉంది. మన గనుల్లో ఊట నీళ్లు ఎప్పుడూ ఉండేవే. పంపులు తోడేస్తుంటే పని సాగుతూనే ఉంటుంది. కానీ 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ఒక్క ఉదుటున దూసుకొచ్చినప్పుడు 17 మంది కార్మికులు తిరిగి రాలేదు. ఆ రోజును ఈ ఊరు మరిచిపోలేదు. గుండె సంచిదీ ఇదే తీరు. నెలల తరబడి మెల్లగా ఊరితే సంచి సాగి లీటరు నీటినైనా ఓర్చుకోగలదు. గబగబా చేరితే రెండు వందల మిల్లీలీటర్లే, ఒక టీ గ్లాసుడే, గుండెను నొక్కిపట్టేస్తుంది. గుండె విచ్చుకోలేదు, విచ్చుకోకపోతే రక్తం నిండదు, నిండకపోతే కొట్టేందుకు ఏమీ ఉండదు. బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, గుండె చప్పుడు దూరంనుంచి వినిపించినట్టు మందగిస్తుంది. ఈ మూడింటినీ కలిపి చూడమని అమెరికా శస్త్రవైద్యుడు క్లాడ్ బెక్ 1935లో చెప్పాడు. ఆయాసం, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం కనిపిస్తే అది అత్యవసరం. ఎకోలో చూస్తూ సూది గుచ్చి ఆ నీరు తీస్తే మనిషి కళ్లముందే తేరుకుంటాడు. తీసిన నీటిని పరీక్షకు పంపితే కారణం కూడా దొరకవచ్చు.

వాపుకు సరైన మందు పడకపోతే ఇంకో ముప్పు ఉంది. నెలలు, ఏళ్లు గడిచేసరికి పొర మందమై, గట్టిపడి, కొందరిలో సున్నం పట్టి పెంకులా తయారవుతుంది. గుండె ఆ పెంకులో బందీ అవుతుంది. మన దేశంలో దీనికి ప్రధాన కారణం టీబీయే. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. ఈ రోగికి కాళ్లు వాస్తాయి, అంతకు ముందే కడుపులో నీరు చేరి ఉబ్బుతుంది. చూసినవాళ్లు “తాగి తాగి లివర్ పాడు చేసుకున్నడు” అని ముద్ర వేస్తారు. చుక్క ముట్టని మనిషికీ ఆ నింద తప్పదు. కామెర్ల పసరు తాగిస్తారు, పథ్యం పెడతారు, నెలలు పోతాయి. అలాంటి రోగిని కూర్చోబెట్టి మెడ చూడండి. నరాలు తాళ్లలా ఉబ్బి కనిపిస్తే కడుపు వాపు వెనక గుండె సంచి ఉందేమో డాక్టరును అడగండి. ఆ పెంకును ఆపరేషన్‌తో ఒలిచి తీసేస్తే గుండెకు విడుదల దొరుకుతుంది. ఆపరేషన్ పెద్దదే. ఆలస్యమైనకొద్దీ కష్టం.

చికిత్స విషయానికి వద్దాం. టీబీ కాని మామూలు పొర వాపుకు మందులు ఖరీదైనవి కావు. ఆస్పిరిన్ గానీ ఐబూప్రొఫెన్ గానీ డాక్టరు చెప్పిన మోతాదులో, కడుపును కాపాడే గోలీతో కలిపి వాడతారు. దానికి తోడు కాల్చిసిన్ అనే మందు మూడు నెలలు ఇస్తారు. ఇది కీళ్లలో గౌట్ జబ్బుకు ఎప్పటినుంచో వాడే పాత మందు. ఇటలీలో మాసిమో ఇమాజియో అనే వైద్యుడి బృందం 240 మంది రోగుల మీద పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. కాల్చిసిన్ లేకుండా మందులు వాడినవాళ్లలో నూటికి 38 మందికి జబ్బు తగ్గకుండా సాగడమో, తిరగబెట్టడమో జరిగింది. కాల్చిసిన్ వాడినవాళ్లలో అలా జరిగింది నూటికి 17 మందికే. నొప్పి వారంలో పోయిందని మూడు నెలల మందు ఆపేయకూడదు అనడానికి కారణం ఈ లెక్కే.

ఇక్కడ చెట్ల మందుల మీద నమ్మకం ఉన్నవారికి ఒక మాట. వానాకాలంలో మన అడవి అంచుల్లో ఎర్రగా, పసుపుగా మంట రేగినట్టు పూసే అడవినాభి తీగ దుంపలోనూ ఈ కాల్చిసిన్ ఉంది. అయితే ఆ దుంప విషం. గోలీలో ఉండేది మిల్లీగ్రాములో భాగం. దుంపలో ఎంతుందో కొలిచే త్రాసు మన దగ్గర లేదు. దాన్ని తిని చనిపోయినవాళ్లున్నారు. దాని జోలికి పోకండి.

ఇంకో మాట స్టెరాయిడ్ సూది గురించి. నొప్పి అనగానే సందు చివర డాక్టరు దగ్గర ఒక సూది వేయించుకోవడం మనకు అలవాటు. అందులో స్టెరాయిడ్ ఉంటే గంటల్లో హాయిగా ఉంటుంది. మామూలు పొర వాపులో మొదట్లోనే స్టెరాయిడ్ ఇస్తే జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. లోపల టీబీ ఉంటే దాని గుర్తులు కప్పబడిపోతాయి. మరి స్టెరాయిడ్ అసలు పనికిరాదా? టీబీ పొర వాపులో టీబీ మందులతో పాటు స్టెరాయిడ్ ఇస్తే ఎలా ఉంటుందో దక్షిణాఫ్రికా వైద్యుడు బొంగాని మయోసి నాయకత్వంలో ఆఫ్రికాలోని ఎనిమిది దేశాల్లో 1400 మంది మీద పరిశీలించారు. 2014లో వచ్చిన ఫలితం ఇది: మరణాలు తగ్గలేదు. పొర పెంకుకట్టడం తగ్గింది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో క్యాన్సర్లు పెరిగాయి. అంటే ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో కారణం తెలిసిన డాక్టరు తూచి చెప్పాల్సిన మందు అది. నొప్పి ఆగితే చాలని వేయించుకునే సూది కాదు.

టీబీ అని తేలితే భయపడకండి. ఆరు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మందులు వాడినంత కాలం పోషకాహారం కోసం నెలకు ఇచ్చే డబ్బును 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1000కి పెంచారు. రెండు నెలలకే ఒంట్లో బాగుందనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే చాలామంది మందు మానేస్తారు. ఆ తప్పు చేయకండి.

విశ్రాంతి కూడా మందే. నొప్పి పోయి, రక్తపరీక్షలో వాపు సూచిక మామూలయ్యేదాకా బరువు పని కూడదు. భూగర్భ కార్మికుడికి మస్టర్ల లెక్క, అంటే హాజరు లెక్క, ఎంత ముఖ్యమో నాకు తెలుసు. ఒక మస్టరు పోతుందని నొప్పితో దిగితే, జబ్బు తిరగబెట్టి నెలల మస్టర్లు పోతాయి. డాక్టరు సిక్ రాస్తే తీసుకోండి. గనుల్లో కార్మికులకు ఎప్పటికప్పుడు చేసే పీఎంఈ వైద్య పరీక్షను తప్పించుకునే తంతుగా చూడకండి. ఆ ఎక్స్‌రే మీ ఊపిరితిత్తుల లెక్కల పుస్తకం. గనుల నిబంధనలు కాంట్రాక్టు కార్మికుడికీ వర్తిస్తాయి. డ్రిల్లు మీద నీళ్లు, ముక్కుకు మాస్కు, ప్రతి ఎక్స్‌రే కాపీ భద్రంగా దాచుకోవడం పర్మినెంటు అయినా కాంట్రాక్టు అయినా అందరికీ అవసరమే. పని మానేసి పదేళ్లయిన రిటైర్డు కార్మికుడు కూడా ఆసుపత్రిలో తన పాత కొలువు ఏమిటో డాక్టరుకు చెప్పాలి. పీల్చిన సిలికా పదవీ విరమణ చేయదు.

మళ్లీ మొదట చెప్పుకున్న ఆ క్వార్టరు దగ్గరికి పోదాం. ఆయన ఆసుపత్రికి వెళ్తే ఏం చెబుతాడు? “ఛాతీల నొస్తుంది సార్” అంటాడు. మగవాళ్లు అంతకంటే చెప్పరు. పక్కన నిలబడ్డ భార్య నోరు విప్పితే కథ మారుతుంది. “సార్, మా ఆయన మూడు రాత్రుల సంది పండుకుంటలేడు. మెత్తలు ఒళ్లె పెట్టుకొని కూసునే తెల్లారగడుతుండు. పొద్దుమీకి ఒళ్లు వెచ్చగైతుంది.” ఈ మూడు వాక్యాలు విన్న డాక్టరు స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలో, ఏ పరీక్ష ముందు రాయాలో వెంటనే ఆలోచించుకుంటాడు.

కాబట్టి బొగ్గు బాయి ఇళ్లలోని అమ్మలకూ, అక్కలకూ, చెల్లెళ్లకూ నా విన్నపం. మీ ఇంటి మనిషి నిద్ర ఎలా పోతున్నాడో మీకే తెలుసు. పడుకోలేక కూర్చుంటున్నా, సాయంత్రాలు ఒళ్లు కాలుతున్నా, బెల్టు వదులై చొక్కా జారుతున్నా, ఆయన వెంట ఆసుపత్రికి వెళ్లండి. ఆయన చెప్పని ఆ మాట మీరు చెప్పండి.